అమెరికా పల్లె కౌంటీలో తొలి బాప్టిస్టు సంఘాల మూలం వెతకాలంటే

చర్చి ముందు రాతిమీద చెక్కిన సంవత్సరాన్ని వెంటనే నమ్మకండి. అది సంఘం పుట్టిన ఏడాదో, కట్టడం లేచిన ఏడాదో తేలాలి. ముందు మినిట్స్ పుస్తకం, అంటే సంఘ సమావేశాల్లో జరిగింది రాసిపెట్టిన పుస్తకం తీయండి. మొదటి పేజీల్లో సాధారణంగా నిబంధన (సభ్యులు కలిసి చేసుకున్న ఒడంబడిక), దాని కింద తొలి సభ్యుల పేర్లు ఉంటాయి. ఎవరైనా ‘ఉత్తరం మీద’, అంటే పాత సంఘం ఇచ్చిన సభ్యత్వ బదిలీ ఉత్తరంతో చేరారని రాసి ఉంటే, ఆ ఉత్తరం ఇచ్చిన సంఘం ఏదో పట్టుకోండి. చాలాసార్లు తల్లి సంఘం అదే. కొన్ని సంఘాలు ముందు ‘ఆర్మ్’గా, అంటే శాఖగా నడిచి తర్వాత విడిపోయాయి. రెండు తేదీలూ రాసుకోండి.

పుస్తకం కాలిపోయిందా? అసోసియేషన్, అంటే ఆ ప్రాంతపు సంఘాల కూటమి, వార్షిక మినిట్స్ చూడండి: సంఘాలు, ప్రతినిధులు, బాప్తిస్మాలు, సభ్యుల లెక్క పట్టికగా దొరుకుతాయి. ఫిలడెల్ఫియా అసోసియేషన్ 1707లో, శాండీ క్రీక్ 1758లో మొదలయ్యాయి. నాష్‌విల్‌లోని సదరన్ బాప్టిస్టు ఆర్కైవ్స్‌లో మైక్రోఫిల్ములున్నాయి.

ఎక్కువమంది బోల్తాపడేది 1830ల దగ్గర. మిషన్ సొసైటీలకు మద్దతివ్వాలా వద్దా అన్న గొడవతో సంఘాలు చీలి, ఒకే పేరుతో రెండు నడిచిన సందర్భాలున్నాయి. భూమి దస్తావేజు కూడా సంఘం పుట్టిన చాలా ఏళ్లకు రాసిందై ఉండొచ్చు. కౌంటీ తర్వాత ఏర్పడితే, పాత దస్తావేజులు మాతృ కౌంటీ కోర్టులోనే ఉంటాయి.

దక్షిణాదిలో బానిసలైన సభ్యుల పేర్లు తరచు యజమాని పేరు పక్కనే, ఇంటిపేరు లేకుండా కనిపిస్తాయి. వాటిని వదిలేయకండి, బానిసత్వం రద్దైన 1865 తర్వాత ఏర్పడిన నల్లజాతి సంఘాల ఆరంభం అక్కడే దొరకవచ్చు.