లినక్స్ ల్యాప్‌టాప్ పాఠాలు 4: బ్రైట్‌నెస్ కీ నొక్కితే ఉలుకూ పలుకూ లేదా?

పోయిన పాఠంలో వైఫై సంగతి చూశాం. ఈసారి పై వరసలో ఉండే ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా కీలు, వాటితో జతకట్టే ఎఫ్‌ఎన్ కీ.

మద్దిలపాలెంలో మా కింది వాటా ఇంజినీరింగ్ కుర్రాడు మొన్న సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని పైకొచ్చాడు. ఉబుంటు వేసుకున్నాడు, సౌండ్ కీలు పనిచేస్తున్నాయి, బ్రైట్‌నెస్ కీలు మాత్రం కదలడం లేదు. "అన్నా, మొత్తం ఫార్మాట్ కొట్టేద్దామేటి?" అన్నాడు. వద్దు. కీ నొక్కాక ఆ కబురు ఎక్కడిదాకా వెళ్లి ఆగిందో తెలియకుండా దేన్నీ మార్చకండి, మారిస్తే పాత తప్పుకి కొత్త తప్పు తోడై అసలుది దొరక్కుండా పోతుంది.

చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్‌ఎన్ కీ అసలు లినక్స్‌కి కనపడదు. బోర్డు మీదుండే ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిప్ దాన్ని పట్టుకుని, దాంతో కలిపి ఏ కీ నొక్కారో చూసి కెర్నల్‌కి, అంటే లినక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌కి, చెబుతుంది. అది మామూలు కీబోర్డు దారిలో రావచ్చు, ఏసీపీఐ (ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్, సిస్టమ్ మాట్లాడుకునే పద్ధతి) దారిలో రావచ్చు, దాని మీదే కంపెనీలు తమ సొంత సంగతులకి వాడుకునే డబ్ల్యూఎంఐ దారిలోనూ రావచ్చు. థింక్‌ప్యాడ్‌కి, ఏసస్‌కి, హెచ్‌పీకి, డెల్‌కి కెర్నల్‌లో వేరువేరు డ్రైవర్లు ఉన్నది అందుకే. అక్కడి నుంచి డెస్క్‌టాప్ (మనకి కనిపించే మెనూలు, కిటికీల ప్రోగ్రామ్) అందుకుని స్క్రీన్ వెలుగు మారుస్తుంది.

ముందు ఎఫ్‌ఎన్ ప్లస్ ఎస్కేప్ ఒకసారి నొక్కండి, చాలా మోడళ్లలో ఎఫ్‌ఎన్ లాక్ అక్కడే ఉంటుంది. మన విశాఖలో సముద్రపు ఉప్పుగాలికి లోపలి కాంటాక్టులు పాడవడం కూడా మామూలే కాబట్టి, ఎఫ్‌ఎన్ లేకుండా ఆ కీ పలుకుతోందో లేదో కూడా చూసుకోండి.

ఇక ఈవీటెస్ట్, కీ నొక్కితే కెర్నల్‌కి ఏం అందిందో చూపించే చిన్న ప్రోగ్రామ్. ఇన్‌స్టాల్ చేసుకుని టెర్మినల్‌లో సుడోతో (అడ్మిన్ అధికారంతో) నడిపితే పరికరాల జాబితా వస్తుంది, ఒక్కో నంబరు ఎంచుకుని కీ నొక్కి చూడాలి. చాలామంది కీబోర్డు ఒక్కదాన్నే చూసి ఏమీ రాలేదని వదిలేస్తారు, మావాడూ అంతే. జాబితాలో "వీడియో బస్" అని ఉన్నదాన్ని ఎంచుకోమన్నాను. కీ నొక్కగానే 224 అనే కోడ్, పక్కనే బ్రైట్‌నెస్ డౌన్ అనే పేరు టకటకా పడ్డాయి. అంటే కీ బాగుంది, డ్రైవర్ బాగుంది, కెర్నల్‌కి కబురు అందింది. చిక్కు ఆ తర్వాతే.

సిస్ ఫోల్డర్‌లో క్లాస్, దానిలో బ్యాక్‌లైట్ తెరిస్తే రెండు పేర్లు కనిపించాయి, ఏసీపీఐ వీడియో ఒకటి, ఇంటెల్ బ్యాక్‌లైట్ ఒకటి. మొదటిదానిలో బ్రైట్‌నెస్ అంకె మారుస్తే అంకె మారింది, స్క్రీన్ మారలేదు. రెండోదానిలో మార్చగానే వెలుగు తగ్గింది. డెస్క్‌టాప్ ఉత్తదాన్ని పట్టుకుని తిప్పుతోందన్నమాట! కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో ఇ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైను చివర ఏసీపీఐ_బ్యాక్‌లైట్=నేటివ్ అని చేర్చి (ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీ ఉండకూడదు) ఎఫ్10తో బూట్ చేశాం. కీలు పనిచేశాయి. ఇలా చేర్చింది ఆ ఒక్క బూట్‌కే ఉంటుంది కాబట్టి భయం లేదు, పనిచేసిందని తేలాకే గ్రబ్ ఫైల్‌లో రాసి అప్‌డేట్ గ్రబ్ కొట్టాలి.

ఈవీటెస్ట్‌లో ఏ పరికరం దగ్గరా ఏమీ రాకపోతే టెర్మినల్‌లో డీమెసేజ్ (డి, ఎం, ఇ, ఎస్, జి) అని కొట్టి కెర్నల్ రాసుకున్న సందేశాలు చూడండి. "అన్‌నోన్ కీ ప్రెస్డ్" అనే వరస, దానిలో ఒక కోడ్ ఉంటే మీ అదృష్టం, కబురు వచ్చింది గానీ దానికి పేరు లేదంతే. ఆ కోడ్‌ని కాగితం మీద రాసి ఉంచుకోండి, హెచ్‌డబ్ల్యూడీబీ ఫైల్‌లో (ఇలాంటి కోడ్‌లకి కీ పేర్లు రాసే చోటు) దానికి పేరు పెట్టడం వచ్చే పాఠంలో.