ఆర్‌సీలో ఒక నంబరు, బండి మీద ఇంకో నంబరు: పాత కారు ఉన్నవాళ్లు చేయాల్సిన పని

మా షెడ్డు పాలకొల్లు దగ్గర. పాత అంబాసిడర్ వచ్చినా, ఫియట్ వచ్చినా, జీపు వచ్చినా ముందు బానెట్ ఎత్తి నంబర్లు చూస్తాను. స్టార్ట్ చేసేది ఆ తర్వాతే. ఇంజన్ పట్టేస్తే విప్పి బాగుచేసుకోవచ్చు, తుప్పు తిన్న చోట కొత్త రేకు వేసుకోవచ్చు. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, బండి మీద ఉన్నది కలవకపోతే మాత్రం ఆ కారు మీ పేరు మీదకి మారదు. ఇన్సూరెన్స్ ఏటా కడుతూ వచ్చినా క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పెడుతుంది.

మొదట నంబరు సరిగా చదవాలి. సగం గొడవలు ఇక్కడే తేలిపోతాయి. ఇంజన్‌కీ డ్రైవర్ కాళ్లకీ మధ్య అడ్డంగా ఉండే రేకు మీద రివెట్లు కొట్టిన ప్లేటు ఒకటి ఉంటుంది. అది చూసి ఆగిపోవద్దు. ప్లేటు ఊడదీసి ఇంకో బండికి బిగించొచ్చు కాబట్టి, బండి ఇనుములోనే గుద్దిన ఛాసిస్ నంబరు ఎక్కడుందో వెతకండి. ఇంజన్ నంబరు బ్లాకు మీద ఉంటుంది, ఆయిలూ మట్టీ కలిసి గట్టిపడిన పొర కింద.

శుభ్రం చేయడానికి కిరోసిన్, పాత టూత్ బ్రష్, మెత్తటి గుడ్డ చాలు. గ్రైండర్, వైర్ బ్రష్, ఎమరీ కాగితం దగ్గరికి కూడా రానివ్వకండి. అంతర్వేది, పేరుపాలెం వైపు బండ్లకి ఉప్పుగాలి వల్ల అంకెలు అప్పటికే అరిగి ఉంటాయి. పైగా గీతలు పడితే చూసేవాళ్లకి కావాలని చెరిపినట్టే కనిపిస్తుంది. తుడిచాక సుద్దముక్క అడ్డంగా రుద్దితే గుంటల్లో తెల్లగా నిలబడుతుంది. టార్చ్ ఎదురుగా కాకుండా పక్కనుంచి వేసి ఫొటో తీయండి. తర్వాత సుద్ద తుడిచేసి అంకెల మీద పెన్సిల్ రుద్ది, సెల్లో టేపు అంటించి లేపి, తెల్ల కాగితం మీద అతికించండి. ఆర్‌టీఓ ఆఫీసులో అడిగే ఛాసిస్ ప్రింట్ ఇదే. రెండు మూడు తీసి పెట్టుకోండి.

ఇప్పుడు ఆ ప్రింటు ఆర్‌సీ పక్కన పెట్టుకుని ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి చదవండి. తేడా ఎక్కడుందో చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది. ఒక్క అంకె తేడా, సున్నా బదులు ఇంగ్లీషు 'O' అక్షరం, ముందున్న అక్షరాలు ఎగిరిపోవడం లాంటివి రాతలో వచ్చిన తప్పులు. మన డెల్టాలో వీటికి ఇంకో కారణం కూడా ఉంది. 1986 వరదలోనూ 1996 నవంబరు తుపానులోనూ ఎన్నో ఇళ్లలో కాగితాలు తడిసి పోయాయి. డూప్లికేట్ ఆర్‌సీ తీసుకున్నవాళ్లకి పాత రిజిస్టరు చూసి చేత్తో రాసిచ్చారు. తర్వాత అవే కంప్యూటర్‌లోకి ఎక్కాయి.

పోయిన సంక్రాంతికి ముందు రాజోలు నుంచి ఒకాయన వాళ్ల తాతగారి మార్క్ టూ అంబాసిడర్ తెచ్చారు. ఇనుము మీద చివరి అంకె ఎనిమిది, ఆర్‌సీలో మూడు. ఎవరో ఆయనకి "పంచ్‌తో సరిచేయించెయ్యండి, అయిపోద్ది" అని సలహా ఇచ్చారట. నేను ససేమిరా అన్నాను. కాగితాన్ని ఇనుముకి తగ్గట్టు దిద్దించుకోవాలి గానీ, ఇనుముని కాగితానికి తగ్గట్టు దిద్దకూడదండీ. అలా దిద్దితే నిజమైన బండి దొంగబండి అయిపోతుంది. ఇంట్లో వెతికిస్తే పాత పన్ను రసీదు, ఇన్సూరెన్స్ కాగితాలు దొరికాయి. అన్నిట్లోనూ ఎనిమిదే. అవీ ప్రింటూ, నోటరీ అఫిడవిట్టూ జతచేసి దరఖాస్తు పెట్టారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు బండి చూసి నంబరు సరిచేయడానికి రాశారు. ఏజెంటు మాట నమ్మి డబ్బు ఇచ్చేకంటే ముందు ఆఫీసు రిజిస్టరులో మీ బండి వివరాల నకలు అడిగి తీసుకోండి. తప్పు కార్డు ప్రింటులో వచ్చిందా, అసలు రిజిస్టరులోనే ఉందా అన్నది దాంతో తెలుస్తుంది.

ఇంజన్ నంబరు మొత్తం వేరేగా ఉంటే ఎప్పుడో ఇంజన్ మార్చారన్నమాట. మన వైపు ఇది మామూలే. పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజన్ బిగించిన అంబాసిడర్లు ఊరూరా ఉన్నాయి. పాత అంబాసిడర్ పెట్రోలు ఇంజనూ 1489 సీసీయే, డీజిలూ 1489 సీసీయే. అందుకే సీసీ కలిసిందని ఊరుకోకండి, ఆర్‌సీలో ఇంధనం ఏం రాసుందో చూడండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్చడానికి ముందే అనుమతి తీసుకోవాలి, తీసుకోకుండా మార్చితే 14 రోజుల్లో తెలియజేయాలి. పాత ఓనరు చేయని ఆ పని ఇప్పుడు మీ మీద పడుతుంది. అదే రకం ఇంజన్ అయితే కొన్న బిల్లు, అది ఏ బండిదో ఆ బండి కాగితాలు చూపించి ఆర్‌సీలో రాయించుకోవచ్చు. బిల్లు లేకుండా పాత ఇనుము కొట్లో ఇంజన్ కొనకండి, ఎంత చవగ్గా ఇచ్చినా సరే. ఇంధనమే మారిన బండి అయితే దారి కష్టం. నా సలహా అయితే సరైన పెట్రోలు ఇంజన్ వెతికి వేయించండి.

ఛాసిస్ నంబరు చుట్టూ ఇనుము పల్చబడినా, అంకెలు ఎగుడుదిగుడుగా ఉన్నా, వెల్డింగ్ అతుకు కనిపించినా బేరం అక్కడితో ఆపేయండి. గుద్దినప్పుడు అంకె అడుగున లోహం కూడా నలుగుతుంది కాబట్టి, పైన అరగదీసినా ఫోరెన్సిక్ ల్యాబులో యాసిడ్ పూసి పాత అంకెలు బయటికి తీయగలరు. దొంగబండో కాదో చూడ్డానికి ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) వాళ్ల వాహన్ సమన్వయ్ వెబ్‌సైట్‌లో ఛాసిస్, ఇంజన్ నంబర్లు కొట్టి చూడొచ్చు. కేవలం తుప్పు వల్ల అంకెలు పోయుంటే సంగతి వేరు. ఉన్నంతవరకు ఫొటోలు తీసి ఆర్‌టీఓకి దరఖాస్తు పెట్టండి. వాళ్లు రాతపూర్వకంగా చెప్పాకే మళ్లీ గుద్దించాలి.

యానాం బండి అయితే ఇంకో మెలిక. పీవై 04 అంటే పుదుచ్చేరి రిజిస్ట్రేషన్. ఇక్కడికి మార్చాలంటే ముందు అక్కడ ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి, దానికీ ఛాసిస్ ప్రింట్ కావాలి. నంబరు తప్పుంటే యానాంలోనే సరిచేయించుకుని రండి. ఎన్‌ఓసీ వచ్చాక ఇక్కడ దిద్దమంటే మళ్లీ అక్కడికే పంపుతారు.

బండికి 50 ఏళ్లు దాటితే 2021 నియమాల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. కొత్తగా చేయించుకోవడానికి 20,000 రూపాయల ఫీజు, నంబరులో వీఏ అక్షరాలు, పదేళ్ల గడువు. రోజూ తిప్పుకోడానికి కుదరదు. ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉండాలి. అందుకే ఇంజన్ మార్చాల్సి వచ్చినా నంబరున్న పాత బ్లాకుని తుక్కుకి వేయకండి. గ్రీజు పూసి, గోనె చుట్టి, నేల చెమ్మ తగలకుండా చెక్క మీద పెట్టుకోండి.

అన్నీ సరి అయ్యాక కొత్త ఆర్‌సీ పట్టుకుని ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్లి పాలసీలో కూడా రెండు నంబర్లూ మార్పించండి. ఈ పని మర్చిపోయేవాళ్లే ఎక్కువ.