యెన్–రూపాయి ఫ్యూచర్స్, మూడో పాఠం: తెర మీది ధర, మీకు దొరికే ధర

ఫ్యూచర్స్ అంటే రాబోయే తేదీకి ధరను ఇవాళే ఖాయం చేసుకునే కాంట్రాక్టులు. గత పాఠంలో లాట్ (ఒక కాంట్రాక్టు పరిమాణం), మార్జిన్ (ముందుగా కట్టే హామీ సొమ్ము) చూశాం. ఒక లాట్ అంటే 1,00,000 యెన్‌లు, ధర చెప్పేది 100 యెన్‌లకు, కనీస కదలిక పావు పైసా. అంటే ఒక్కో కదలికకు లాటుకు రూ.2.50.

నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఈ జంట 2010 నుంచి ఉన్నా, డాలర్–రూపాయికి ఉండే సందడి దీనికి ఎన్నడూ లేదు. 2024 మే నుంచి మరీ పలచబడింది. విదేశీ చెల్లింపో రాబడో నిజంగా ఉన్నవారే ఈ కాంట్రాక్టులు వాడాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన అప్పుడు అమల్లోకి వచ్చింది. 10 కోట్ల డాలర్ల వరకు పత్రాలు అడగరు. అవసరం మాత్రం ఉండి తీరాలి. కనుక మన విద్యార్థి జపాన్ నుంచి యంత్ర భాగాలు తెప్పించుకుని 5 లక్షల యెన్‌లు బాకీపడ్డ చిన్న వ్యాపారి. ఊరికే పందెం కాద్దామనుకున్నవారికి ఈ పాఠం పనికిరాదు. వారిని పిలిచే విదేశీ యాప్‌ల జోలికి అసలే వెళ్లవద్దు; అనుమతి లేని వేదికల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంది.

తెర మీద చివరి లావాదేవీ ధర 56.00 అని ఉందనుకోండి. దాన్ని నమ్మకండి, అది గంట కిందటిది కావచ్చు. అసలు ధరను మీరే లెక్కకట్టాలి: డాలర్–రూపాయి 84.00, డాలర్–యెన్ 150.00 అయితే 84ను 150తో భాగించి 100తో గుణించండి. 56.00 వస్తుంది. రెండు రేట్లూ ఒకే నెలలో ముగిసే కాంట్రాక్టువి కావాలి. డాలర్–యెన్‌కు తక్షణ రేటు వాడితే, యెన్ మీద వడ్డీ తక్కువ కనుక మీ లెక్క కొన్ని పైసలు తగ్గుతుంది.

ఇప్పుడు ఆర్డర్ల పట్టిక చూడండి. కొనేవారు 55.95 దగ్గర ఉన్నారు. అమ్మేవారిలో 56.05కు రెండు లాట్లు, 56.09కి ఒకటి, 56.20కి ఐదు ఉన్నాయి. ఐదు లాట్లకు మార్కెట్ ఆర్డర్ (ఎంత ధరైనా వెంటనే కొనమనే ఆర్డర్) కొడితే సగటు 56.118 పడుతుంది. మీ లెక్క కన్నా రూ.590 ఎక్కువ, ధర కదలకుండానే! బ్రోకరేజీ వంద రూపాయలు తగ్గిందని సంబరపడేవారు ఈ లెక్క మాత్రం వేసుకోరు.

అందుకే ఇక్కడ లిమిట్ ఆర్డరే, అంటే మీరు చెప్పిన ధరకు మించి కొనని ఆర్డర్. 56.01కి రెండు లాట్లు పెట్టి ఆగండి. ఎవరూ రాకపోతే పైసా పైసా పెంచండి, కానీ 56.06 దాటనని ముందే కాగితం మీద రాసుకోండి. ఆ రోజుకు దొరకకపోతే రేపు చూడవచ్చు. చెల్లింపుకు గడువు ఉండగానే మొదలుపెట్టమన్నది అందుకే.

స్టాప్‌లాస్ (ధర మీరు పెట్టిన హద్దు చేరగానే నష్టం ఆపేందుకు నడిచే ఆర్డర్) మీద భరోసా పెట్టుకోకండి. మన మార్కెట్ ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకే. అమెరికా ఉద్యోగ గణాంకాలు వచ్చేది అది మూశాక. జపాన్ కేంద్ర బ్యాంకు నిర్ణయాలు సాధారణంగా మన మార్కెట్ తెరిచే వేళకు అటూ ఇటూగా వెలువడతాయి. 2024 జులై 31న అది వడ్డీని 0.25 శాతానికి పెంచాక, యెన్ కొద్ది రోజుల్లోనే ఎగబాకింది. అలాంటి ఉదయం మీరు పెట్టిన ధరను మార్కెట్ ఆగకుండా దాటిపోతుంది.

అభ్యాసం: మూడు రోజులు ఒక్క ఆర్డరూ పెట్టకుండా ఉదయం 9:30కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి కొనేవారి ధర, అమ్మేవారి ధర, లాట్లు, మీరు లెక్కకట్టిన ధర రాయండి. కొనేవారి, అమ్మేవారి ధరల తేడా ఏ వేళ తక్కువగా ఉందో గుర్తించండి. నాలుగో పాఠంలో ఎక్స్‌పైరీకి (కాంట్రాక్టు ముగింపుకు) ఆ పట్టికే కావాలి.