మూడు సిస్టమ్‌లకూ ఒకే డిస్క్

విండోస్‌లో వీడియోలు నింపుకున్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని మ్యాక్‌కి తగిలిస్తే అన్నీ కనిపిస్తున్నాయి, కానీ కొత్తగా ఒక్క ఫైలూ ఎక్కదు. డిస్క్ పాడైందేమోనని కాసేపు టెన్షన్. తీరా చూస్తే అందులో ఉన్నది ఎన్‌టీఎఫ్‌ఎస్, అంటే విండోస్ వాడే ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి). మామూలుగా మ్యాక్ దాన్ని చదువుతుంది, రాయదు. పోనీ ఫ్యాట్32 అనే పాత పద్ధతి అనుకుంటే ఒక్కో ఫైలు 4 జీబీకి మించకూడదు, నా వీడియోలేమో అంతకంటే పెద్దవి. చివరికి డేటా అంతా వేరేచోటికి కాపీ చేసుకుని (ఫార్మాట్ చేస్తే ఏమీ మిగలదు మరి) విండోస్, మ్యాక్ రెండూ రాయగలిగే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతి పెట్టాను. లినక్స్‌లోనూ కెర్నల్ (దాని మూలభాగం) 5.4 నుంచి దీనికి సపోర్ట్ ఉంది, విడిగా ఏమీ వేయనక్కర్లేకపోయింది. చిక్కల్లా ఒకటే, దీనికి జర్నలింగ్ (చేయబోయే మార్పుల్ని ముందే రాసిపెట్టుకునే ఏర్పాటు) లేదు. కాపీ అవుతుండగా కేబుల్ లాగితే ఫైళ్లు చెడిపోవచ్చు. అందుకే ఇప్పుడు ఎజెక్ట్ కొట్టకుండా డిస్క్ ముట్టుకోను. బ్యాకప్‌కి మాత్రం వేరే డిస్క్ ఉంచుకున్నా.