ఏసీ చల్లబరచకపోతే ముందుగా బయటి యూనిట్‌ను చూడండి
కోనసీమలో దాళ్వా (రబీ వరి) కోతలు సాగే రోజుల్లో ఏసీ నడుస్తున్నా గది చల్లబడకపోతే, గ్యాసు అయిపోయిందనుకొని మెకానిక్‌ను పిలిచే ముందు బయటి యూనిట్ వెనుకభాగాన్ని ఒకసారి పరిశీలించండి. నూర్పిళ్ల ధూళి, పొట్టు ఆ సన్నని అల్యూమినియం రేకుల మధ్య బూడిదరంగు పొరగా పేరుకుంటే, గదిలోంచి లాగిన వేడి బయటకు సరిగా పోదు. మా ఇంట్లో జరిగింది ఇదే. మెయిన్ స్విచ్ ఆపి, రేకులు వంగకుండా మెత్తని కుంచెతో పైనుంచి కిందికి నిదానంగా దులిపి, వైర్లున్న వైపు తడవకుండా సన్నని ధారతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. లోపలి ఫిల్టర్‌నూ కడిగి నీడలో ఆరబెట్టండి. గ్యాసు మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంది కనుక లీకు ఉంటే తప్ప తగ్గదు. లీకు ఎక్కడో చూపకుండా గ్యాసు నింపుతామంటే దయచేసి ఒప్పుకోకండి.