కాలికి దెబ్బ తగిలి లాయంలో ఉన్న గుర్రానికి మేత ఎలా పెట్టాలి

డాక్టర్ స్కానింగ్ చేసి "టెండన్ (కండని ఎముకకి కలిపే పట్టీ) దెబ్బతింది, రెండు నెలలు లాయం దాటించొద్దు" అన్నారంటే, ఆ పూట నుంచే తగ్గించాల్సింది దాణా. కట్టు, ఇంజెక్షన్లు, ఐసు అంటూ అందరం కాలి చుట్టూ తిరుగుతాం, దాణా మాత్రం గుర్రాన్ని చూసుకునే సైస్ అలవాటు ప్రకారం నిన్నటి కొలతే పోసేస్తాడు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు కదా, సరిగ్గా అలాగే జరుగుతుంది.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. హైదరాబాద్ శివార్లలో మాకో ఆడగుర్రం ఉంది, ఒకప్పుడు పందేల్లో పరిగెత్తినదే. ముందరి ఎడమకాలికి దెబ్బ తగిలినప్పుడు జాలితో, బలంగా ఉంటే త్వరగా మానుతుందని, పూటకి రెండు కిలోల ఓట్స్, పైన ఉలవ గుగ్గిళ్లు అలాగే పెట్టాం. నాలుగో రోజు పొద్దున చూస్తే గోడలు తన్నుతోంది, కట్టు జారిపోయింది, నేల మీద లద్దె కుప్పలు నాలుగే ఉన్నాయి. మామూలుగా రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు వేస్తుంది. ఒక ఉండని విరిచి చూశాను, లోపల పొడిగా, గట్టిగా, పైన జిగురు పొరతో ఉంది. పేగుల్లో మేత గట్టిపడుతోందని, కోలిక్, అంటే గుర్రాలకి వచ్చే ప్రమాదకరమైన కడుపునొప్పి, మొదలవుతోందని అర్థం. ఆ రాత్రి డాక్టర్ ముక్కులోంచి గొట్టం వేసి నీళ్లు, నూనె ఎక్కిస్తుంటే నేను దాని తల పట్టుకుని నిలబడ్డాను. ఆ రాత్రి ఎవరికీ రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

గింజల దాణా రెండు మూడు రోజుల్లో బాగా తగ్గించేయండి, ఒళ్లు బాగున్న గుర్రానికైతే దాదాపు ఆపేయొచ్చు. తగ్గించడంలో ప్రమాదం లేదు, ఒక్కసారిగా పెంచడంలోనే ఉంది. కానీ గడ్డి మాత్రం తగ్గించకండి. గుర్రం కడుపులో యాసిడ్ రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది, అది తింటున్నా తినకున్నా. ఐదారు గంటలు ఖాళీగా ఉంచితే పుండ్లు పడే ప్రమాదం ఉంది. అందుకే రాత్రి పదింటికి ఒక మోపు వేసి పడుకోండి, పొద్దున తొట్టి అడుగున నాలుగు పోచలైనా మిగలాలి. అసలేమీ మిగలకపోతే మర్నాటి నుంచి కొంచెం ఎక్కువ వేయండి.

ఎంత వేయాలన్నది అంచనాతో వద్దు, టేపు తీసుకోండి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతని సెంటీమీటర్లలో కొలిచి, ఆ అంకెని దానితోనే గుణించి, భుజం ముందు కొన నుంచి పిరుదు చివర దాకా ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. మా దానికి చుట్టుకొలత 172, పొడవు 150, అంటే సుమారు 373 కిలోలు. బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం ఎండుగడ్డి, అంటే దానికి రోజుకి ఐదున్నర నుంచి ఏడున్నర కిలోలు. త్రాసు మీద తూచండి, ఒక్క వారం తూచితే తర్వాత చేతికే అలవాటవుతుంది. వారానికోసారి మళ్లీ కొలవండి. లావెక్కనివ్వకూడదు, ఎందుకంటే దెబ్బతగిలిన కాలి బరువంతా పక్కకాలు మోస్తోంది. 2006లో అమెరికాలోని కెంటకీ డెర్బీ పందెం గెలిచిన బార్బరో అనే గుర్రానికి ఆ తర్వాత రెండు వారాలకే కుడి వెనకకాలు విరిగింది. ఎంతో కష్టపడి ఆపరేషన్ చేశారు. చివరికి బరువు మోసిన ఎడమ వెనకకాలి గిట్టకి లామినైటిస్ (గిట్ట లోపలి పొరల వాపు) వచ్చి, 2007 జనవరిలో దానికి ప్రాణాంతక ఇంజెక్షన్ ఇవ్వాల్సి వచ్చింది. బాగున్న కాలి గిట్టని కూడా రోజూ తాకి చూడండి, వేడిగా ఉంటే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

గడ్డిలో ఏది మంచిదంటే, గరిక, రోడ్స్ గడ్డి, ఓట్స్ గడ్డి ఎండబెట్టినవి. వరిగడ్డి మన దగ్గర చవకే కానీ అందులో సత్తువ తక్కువ, అదే ప్రధాన మేతగా పెడితే పేగుల్లో అడ్డుపడే భయం ఉంది. సూపర్ నేపియర్ గడ్డి గేదెలకి బాగుంటుంది, గుర్రానికి రోజంతా అదే వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి అందనివ్వవు. గోధుమ తవుడు పరిస్థితీ అంతే, ఫాస్ఫరస్ మరీ ఎక్కువ. ఎముక మానాల్సిన సమయంలో బకెట్లకొద్దీ తవుడు తినిపించడం నాకు అస్సలు నచ్చదు. రోజుకి కిలో, కిలోన్నర ఎండు లూసర్న్ (పప్పుజాతి పశుగ్రాసం) కలిపితే కాల్షియం, ప్రోటీన్ రెండూ వస్తాయి, కడుపులో యాసిడ్‌నీ కొంత తగ్గిస్తుంది. బ్యూట్ లాంటి నొప్పి మందులు పుండ్లు పుట్టిస్తాయి కాబట్టి ఖాళీ కడుపున ఇవ్వొద్దు, ముందు రెండు గుప్పిళ్ల లూసర్న్ తిననివ్వండి. ఇంతకుముందు తినని గడ్డి ఏదైనా వారం, పది రోజులు కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చాలి. బెల్లం ఈ రెండు నెలలూ మానేయండి, ఎంత ముద్దుగా అడిగినా సరే.

ఇంకో మాట, దీన్ని మాత్రం సైస్‌కి, ఇంట్లోవాళ్లకి గట్టిగా చెప్పండి: కోళ్ల దాణా, పశువుల దాణా గుర్రానికి పొరపాటున కూడా పెట్టొద్దు. వాటిలో మొనెన్సిన్ అనే మందు కలిసి ఉండొచ్చు, అది గుర్రం గుండెని దెబ్బతీసి చంపేస్తుంది.

నీళ్ల సంగతి. పచ్చగడ్డి మేసే గుర్రానికి సగం నీళ్లు గడ్డిలోనే దొరికిపోతాయి, ఎండుగడ్డి మీద ఉన్నదానికి అలా కాదు. రోజుకి పాతిక నుంచి నలభై లీటర్లు తాగాలి, మన ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఆటోమేటిక్ తొట్టి కంటే గీతలు పెట్టిన రెండు బకెట్లు మేలు, ఎంత తాగిందో కళ్లకి కనిపిస్తుంది. రోజూ రెండు చెంచాలు ఉప్పు తడి మేతలో కలపండి. ఎండుగడ్డిని అరగంట నీళ్లలో నానబెట్టి పిండి వేస్తే దుమ్ము పోతుంది, చక్కెర కొంత దిగుతుంది, నీళ్లు పల్చటి టీ రంగులోకి మారతాయి. ఆ నీళ్లు పారబోసేయండి, తడి గడ్డిని మధ్యాహ్నం దాకా ఉంచొద్దు, మన వేడికి పులిసిపోతుంది.

వలలో గడ్డి వేలాడదీస్తే ఎక్కువసేపు తింటుందనేది నిజమే కానీ కాలు బాగోలేని గుర్రం ముందుకాలితో గీరితే గిట్ట ఇరుక్కుంటుంది. మేం లాయం రెండు మూలల్లో రబ్బరు మ్యాట్ పరిచి దాని మీద కొంచెం కొంచెం వేస్తాం, అటూ ఇటూ రెండడుగులు వేస్తూ తింటుంది, ఇసుక కడుపులోకి వెళ్లదు.

తాడు పట్టుకుని మెల్లగా నడిపించమని డాక్టర్ అన్నాక కూడా దాణా పెంచకండి, నడకకి గడ్డి చాలు. మళ్లీ స్వారీ మొదలయ్యాక వారానికి పావుకిలో, అరకిలో చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. పచ్చిక మీదకి మొదటిరోజు పది నిమిషాలే, తాడు మన చేతిలోనే ఉండాలి, రోజుకి ఇంకో ఐదు నిమిషాలు కలుపుతూ వెళ్లండి. మా గుర్రం ఆ మొదటిరోజు తల ఎత్తలేదు, వర్షం పడి లేచిన గరికని పటపటా తెంపుతూనే ఉంది, పది నిమిషాలు అయ్యాక లోపలికి రానని కాళ్లు బిగబట్టింది. గుప్పెడు గరిక కోసి, దాన్ని చూపిస్తూ తీసుకొచ్చాను.