పాస్కల్ కంపైలర్ మనమే రాద్దాం – 9వ భాగం: కంపైలర్ చేత దాన్నే కంపైల్ చేయించడం

పోయిన భాగంలో ఎస్‌హెచ్‌ఎల్, ఎస్‌హెచ్‌ఆర్ (బిట్లను ఎడమకి, కుడికి జరిపే ఆపరేటర్లు) చేర్చాం, టెస్టులన్నీ పాసయ్యాయి. కానీ ఇప్పటికీ మన సోర్సుని కంపైల్ చేసిపెడుతున్నది ఫ్రీ పాస్కల్ అనే ఉచిత కంపైలరే. ఈసారి ఆ చేతికర్ర వదిలేద్దాం. మన కంపైలర్‌ని పాస్కల్‌లోనే రాశాం కాబట్టి దాని సోర్సుని దానికే ఇచ్చి చూడాలి.

ఇది పాత విద్యే. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ యూనివర్సిటీలో పాస్కల్ సృష్టికర్త నిక్లాస్ విర్త్ బృందం 1969లో మొదటి పాస్కల్ కంపైలర్‌ని ఫోర్ట్రాన్‌లో రాయబోయింది. కంపైలర్‌కి కావలసిన డేటా స్ట్రక్చర్లు ఫోర్ట్రాన్‌లో కుదరక ఆ ప్రయత్నం మూలపడింది. రెండోసారి పాస్కల్‌లోనే రాశారు. మరి దాన్ని కంపైల్ చేసేదెవరు? మనుషులే. సోర్సు మొత్తాన్ని చేత్తో ఒక కింది స్థాయి భాషలోకి మార్చి, 1970లో సీడీసీ 6000 మెషీన్ మీద నడిపించారు. మనకా అవస్థ లేదు, ఫ్రీ పాస్కల్ ఉంది. అది కూడా 1993లో టర్బో పాస్కల్ అనే మరో కంపైలర్‌తో మొదలై, 1995కి తనను తాను కంపైల్ చేసుకునే దశకొచ్చింది.

చేయాల్సింది ఇది. ఫ్రీ పాస్కల్‌తో మన సోర్సుని కంపైల్ చేస్తే వచ్చేది ఒకటో బైనరీ (నడిచే ప్రోగ్రామ్ ఫైలు). ఒకటో బైనరీకి అదే సోర్స్ ఇస్తే రెండోది వస్తుంది. రెండోదానికి మళ్ళీ అదే సోర్స్ ఇస్తే మూడోది. ఇప్పుడు రెండు, మూడు పోల్చండి, ఒక్క బైటు కూడా తేడా ఉండకూడదు. ఒకటినీ రెండునీ పోల్చి కంగారు పడకండి, అవి వేరుగానే ఉంటాయి, ఎందుకంటే ఒకటోది ఫ్రీ పాస్కల్ పుట్టించిన కోడ్, రెండోది మన కోడ్ జనరేటర్ పుట్టించినది. రెండూ మూడూ మాత్రం ఒకే సోర్స్ నుంచి ఒకే కోడ్ జనరేటర్ తీసినవి. ఫ్రీ పాస్కల్ వాళ్ళు మేక్ సైకిల్ అని కొట్టి చేసేది దాదాపు ఇదే పని.

తేడా వచ్చిందనుకోండి, బైనరీలు తెరిచి కూర్చోకండి. రెండింటి అసెంబ్లీ ఫైళ్ళు తీసి డిఫ్ (తేడాలు చూపే టూల్) కొట్టి, మొదటి తేడా దగ్గర ఆగండి. కిందివన్నీ సాధారణంగా దాని పిల్లలే. అవుట్‌పుట్‌లో తేదీ, సమయం రాస్తుంటే ముందు అది పీకేయండి. అది కాకపోతే ఎక్కువసార్లు దొంగ ఎవరంటే విలువ ఇవ్వకుండా వాడేసిన లోకల్ వేరియబుల్. ఫ్రీ పాస్కల్ కట్టిన బైనరీలో అదృష్టం కొద్దీ అక్కడ సున్నా ఉండొచ్చు, మన బైనరీలో స్టాక్ మీద పాత చెత్త ఉంటుంది. ఫ్రీ పాస్కల్‌కి మైనస్ జీటీ ఆప్షన్ ఇస్తే లోకల్ వేరియబుల్స్‌లో కావాలనే చెత్త నింపుతుంది, ఒకటో బైనరీని అలా కూడా ఒకసారి కట్టి టెస్టులు నడపండి.

ఇప్పుడు అసలు సరదా. కేస్ స్టేట్‌మెంట్‌కి అదర్‌వైజ్ (ఏ విలువా కలవకపోతే నడిచే భాగం) చేర్చాలి. చిన్న పని, ఒక టోకెన్ (సోర్సులోని ఒక పదం లేదా గుర్తు రకం), పార్సర్‌లో (సోర్సు నిర్మాణాన్ని చదివే భాగంలో) నాలుగు లైన్లు. ఒకటో బైనరీ వస్తుంది, టెస్టులన్నీ పాసవుతాయి, సంబరంగా రెండోది కడతారు, అదీ వస్తుంది. ఆ రెండోది మాత్రం మన సోర్సులో మొట్టమొదటి అసైన్‌మెంట్ దగ్గరే "ఎండ్ రావాలి" అని మొరాయిస్తుంది.

ఎందుకో లెక్కేద్దాం. ఒక్కో టోకెన్ రకానికి సున్నా నుంచి ఒక్కో నంబరు ఇస్తున్నాం. ప్రామాణిక పాస్కల్‌లో రిజర్వ్‌డ్ పదాలు 35. ప్లస్, మైనస్ లాంటి గుర్తులు 21. మొత్తం 56. వీటికి పేరు, పూర్ణాంకం, రియల్, స్ట్రింగ్, ఫైలు ముగింపు, తెలియని అక్షరం అని ఆరు కలిపాం, 62. పోయినసారి ఎస్‌హెచ్‌ఎల్, ఎస్‌హెచ్‌ఆర్‌తో 64. సున్నా నుంచి 63 దాకా సీట్లన్నీ నిండిపోయాయి. అదర్‌వైజ్‌కి దక్కిన నంబరు 64.

మన కంపైలర్ సెట్‌ని ఒకే 64 బిట్ల వర్డులో పెడుతుంది, 5వ భాగంలో అలాగే రాశాం. ఒక్కో నంబరుకి ఒక్కో బిట్, ఆ బిట్ కోసం 1ని అన్నిసార్లు ఎడమకి జరుపుతాం. ఫ్రీ పాస్కల్ సెట్లు 256 దాకా పడతాయి కాబట్టి ఒకటో బైనరీకి ఏ ఇబ్బందీ లేదు. రెండోది మన కోడ్‌తో నడుస్తుంది. ఇంటెల్ 64 బిట్ ప్రాసెసర్‌లో షిఫ్ట్ ఇన్‌స్ట్రక్షన్ లెక్కలోని కింది ఆరు బిట్లే చూస్తుంది, అంటే 64 సార్లు జరపమంటే సున్నాసార్లు జరుపుతుంది. సున్నా నంబరు టోకెన్ ఏది? పేరు. స్టేట్‌మెంట్ ఎక్కడ ముగుస్తుందో చెప్పే సెట్‌లోకి సెమికోలన్, ఎండ్, ఎల్స్, అంటిల్ పక్కన అదర్‌వైజ్‌ని చేర్చాం కదా, దాంతోపాటు పేరు కూడా దూరిపోయింది. ఇంకేముంది, స్టేట్‌మెంట్ మొదట్లో వేరియబుల్ పేరు కనబడగానే "అయిపోయింది, ఖాళీ స్టేట్‌మెంట్" అనుకుని పార్సర్ వెనక్కొచ్చేస్తోంది. (విర్త్ కంపైలర్‌కీ ఇలాంటి హద్దే ఉండేది. సీడీసీలో వర్డుకి 60 బిట్లు, సెట్ ఆ ఒక్క వర్డులోనే ఇమడాలి.)

దీన్ని సరిచేసే వరుస తెలియడమే ఈ పాఠం. సెట్‌ని నాలుగు వర్డులకు పెంచడం, అదర్‌వైజ్ చేర్చడం ఒకే కమిట్‌లో పెడితే, ఫ్రీ పాస్కల్‌తో కట్టినంతకాలం బాగానే ఉంటుంది. మన పాత బైనరీతో కట్టబోతే మాత్రం, 64 దాటిన సెట్లు దానికి తెలియవు కాబట్టి నోరెత్తకుండా తప్పు కోడ్ ఇస్తుంది. అందుకని ముందు సెట్ ఒక్కటే పెంచండి, టోకెన్లు 64 దగ్గరే ఉంచండి. 256 దాటితే ఎర్రర్ ఇచ్చే లైను కూడా ఇప్పుడే రాయండి. మూడు రౌండ్లు నడిపి, పాసైన బైనరీని విత్తనంగా దాచుకోండి. ఆ విత్తనంతో అదర్‌వైజ్ ఉన్న సోర్సుని కట్టండి, మళ్ళీ మూడు రౌండ్లు, మళ్ళీ కొత్త విత్తనం. ఆ తర్వాతే మన సొంత సోర్సులో అదర్‌వైజ్ వాడాలి, అంతకుముందు ఎంత చేయి దురదపెట్టినా ఆగాలి. ఫ్రీ పాస్కల్ కూడా అంతే, ఆఖరి రిలీజుతో కంపైల్ కావడం తప్పనిసరి. రన్‌టైమ్ లైబ్రరీలో సెట్ రొటీన్లు ఉంటే పాతవి చెరపకండి, కొత్తవి వేరే పేరుతో పెట్టండి, ఎందుకంటే ఒకటో బైనరీ ఇంకా పాతవాటినే పిలుస్తుంది.

రెండూ మూడూ ఒకేలా వచ్చాయని కంపైలర్‌లో బగ్గులు లేవనుకోవద్దు. కంపైలర్ సోర్సులో రియల్ నంబర్లు దాదాపు ఉండవు, అక్కడ బగ్ ఉంటే ఈ పోలికకు దొరకనే దొరకదు. కాబట్టి టెస్టుల ఫోల్డర్ మొత్తాన్ని మూడో బైనరీతో నడపండి, ఒకటోదానితో కాదు. కంపైల్ సమయం కూడా రాసిపెట్టుకోండి. ఆప్టిమైజేషన్ చేర్చితే కంపైలర్ తనను తాను కంపైల్ చేసుకునే సమయం తగ్గాలి, తగ్గకపోతే అది ఉంచకూడదు అని విర్త్ దగ్గర ఒక నియమం ఉండేది. నాకది కాస్త కఠినంగానే అనిపిస్తుంది, కానీ మనలాంటి చిన్న కంపైలర్‌కి సరిపోతుంది.

వచ్చే భాగంలోపు ఒక టెస్టు రాసి పెట్టండి: 70 విలువల ఎన్యూమరేషన్, దాని మీద ఒక సెట్, అందులో 0, 63, 64, 69 ఒక్కొక్కటే వేసి, మిగతావి లేవని కూడా చెక్ చేయాలి. సెట్ పెంచకముందటి మన పాత బైనరీతో కడితే ఈ టెస్టు ఫెయిలవ్వాలి. ఫెయిల్ కాకపోతే టెస్టులోనే తప్పుంది.